నెలసరిని ఆపి ఉంచే ఇంజెక్షన్లు: వేయించుకునే ముందు, వేయించుకునే నెలల్లో, ఆపిన తరువాత

ధవళేశ్వరం ఆనకట్ట కింద బతికే వాళ్లకు కాలువలు కట్టేయడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. దాళ్వా పంట చేతికొచ్చాక, వేసవిలో కొన్ని వారాల పాటు కాలువలకు నీళ్లు ఆపేస్తారు. పూడిక తీయడం, గుర్రపుడెక్క లాగేయడం, లాకుల తలుపులు బాగుచేయడం అన్నీ ఆ రోజుల్లోనే అయిపోవాలి, ఎందుకంటే జూన్‌లో మళ్లీ నీళ్లు వస్తాయి. కట్టేసే ముందే ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది సంచి బయట పెరగడం), ఫైబ్రాయిడ్ గడ్డలు (గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు), అడినోమయోసిస్ (ఆ లోపొర గర్భసంచి కండరంలోకే చొచ్చుకుపోవడం) వంటి వ్యాధులకు అండాశయాల హార్మోన్లను కొంతకాలం అణచి ఉంచే మందు రాసినప్పుడు, అది ఏం చేస్తుందని అడిగిన వాళ్లందరికీ నేను ఈ కాలువ లెక్కే చెప్పేదాన్ని. ఇరవై ఏళ్లకు పైగా కోనసీమలోనూ కాకినాడలోనూ స్త్రీల వార్డుల్లో స్టాఫ్‌నర్సుగా పనిచేసి, ఈ ఇంజెక్షన్లు కొన్ని వందలు నా చేతులతో వేశాను. మందు చేసిన మేలూ చూశాను, ఎందుకు వేయించుకుంటున్నామో తెలియకుండా ఆరు నెలలు గడిపేసి, ఏడో నెలలో మళ్లీ అదే నొప్పితో వచ్చిన ఆడవాళ్లనూ చూశాను. మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది మిమ్మల్ని పరీక్షించిన గైనకాలజిస్టు తేల్చవలసిన విషయం; ఆ గదిలో మీరు ఏం అడగాలో, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మందు ఒంట్లో చేసే పని

మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగం ఉంది. అది గంటకో, గంటన్నరకో ఒకసారి చిన్న మోతాదులో ఒక హార్మోన్‌ను విడుదల చేస్తుంది. దాన్ని జీఎన్‌ఆర్‌హెచ్ అంటారు. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. దాని నిర్మాణం 1971లో తెలిసింది. మెదడులో తయారయ్యే ఇటువంటి హార్మోన్ల మీద చేసిన పరిశోధనకు ఆండ్రూ షాలీ, రోజర్ గిలెమిన్‌లకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ హార్మోన్ వచ్చి తట్టినప్పుడల్లా పిట్యూటరీ గ్రంథి మేలుకొని అండాశయాలకు కబురు పంపుతుంది, అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి, ఆ ఈస్ట్రోజెన్ వల్ల గర్భసంచి లోపొర ప్రతినెలా పెరుగుతుంది. ఫైబ్రాయిడ్ గడ్డలు పెరిగేదీ, గర్భసంచి బయట అండాశయాల మీద, పేగుల మీద అంటుకున్న ఎండోమెట్రియోసిస్ మచ్చలు నెలనెలా పుండులా రేగేదీ ఆ ఈస్ట్రోజెన్ వల్లనే.

ఇందులో కీలకమైన సంగతి ఏమిటంటే, ఆ తట్టడం విడివిడిగా, విరామాలతో ఉంటేనే పిట్యూటరీ పలుకుతుంది. అదే హార్మోన్‌కు నకలుగా తయారుచేసిన మందును విరామం లేకుండా రోజంతా అందిస్తే, గ్రంథి మొదట బాగా ఉలిక్కిపడి, తరువాత పలకడం మానేస్తుంది. ల్యూప్రొలైడ్, గోసెరెలిన్, ట్రిప్టోరెలిన్ అనే మూడు ఇంజెక్షన్లూ ఈ తరహావే. రెండు నుంచి నాలుగు వారాల్లో ఈస్ట్రోజెన్ బాగా పడిపోయి, నెలసరి ఆగిపోయిన వయసు స్త్రీలో ఉండే స్థాయికి వస్తుంది. అయితే ఇది మందు ఒంట్లో ఉన్నన్నాళ్లే. అండాశయాలు దెబ్బతినవు, వాటిలోని అండాలు ఈ మందు వల్ల తరిగిపోవు. అణచిన చెయ్యి తీయగానే అవి మళ్లీ తమ పనిలో పడతాయి. దానితోపాటు వ్యాధి కూడా మళ్లీ తన పనిలో పడవచ్చు.

మొదటి ఇంజెక్షన్‌కు ముందు తేల్చుకోవలసినవి

డాక్టరమ్మగారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఈ నెలలను మనం దేనికోసం వాడుకుంటున్నామండీ?" దీనికి స్పష్టమైన జవాబు ఉండాలి. ఆపరేషన్‌కు ముందు గడ్డను కుదించడానికైతే, మూడు నెలలు చాలవచ్చు. ఆ మూడు నెలల్లో ఫైబ్రాయిడ్ పరిమాణం మూడోవంతు నుంచి సగం దాకా తగ్గడం మామూలే. అంతకన్నా ముఖ్యంగా రక్తస్రావం ఆగి, ఐరన్ తీసుకుంటూ ఉంటే హిమోగ్లోబిన్ పైకి వస్తుంది. ఏడు గ్రాముల రక్తంతో బల్లెక్కవలసిన మనిషి పదకొండు గ్రాములతో ఎక్కితే, రక్తం ఎక్కించవలసిన అవసరమే రాకపోవచ్చు, పొట్ట మీద కోత కూడా చిన్నదయ్యే అవకాశం ఉంది. అందువల్ల ఈ ఉద్దేశంతో మందు వేయించుకునే వాళ్లు మొదటి ఇంజెక్షన్ రోజునే ఆపరేషన్ తేదీ కూడా రాయించుకోవాలి. తేదీ లేకుండా మొదలుపెట్టి, కోతలనీ పెళ్లిళ్లనీ వాయిదా వేసుకుంటూ పోతే, కుంచించుకుపోయిన గడ్డ కొన్ని నెలల్లో మళ్లీ మునుపటంత అవుతుంది. డబ్బు, ఎముకల బలం, కాలం మూడూ పోయినట్టే.

ఎండోమెట్రియోసిస్ నొప్పికైతే లెక్క వేరు. ఇక్కడ మందు నొప్పిని తగ్గించి మనిషిని నిలబెట్టడానికి, ఆపరేషన్ అయ్యాక వ్యాధి త్వరగా తిరగబెట్టకుండా ఉంచడానికి ఉపయోగపడుతుంది. ఐరోపా సంతానోత్పత్తి వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, గర్భనిరోధక మాత్రలు, ప్రొజెస్టోజెన్ (అండాశయాల్లో తయారయ్యే ప్రొజెస్టెరాన్ లాంటి హార్మోన్) మాత్రలు, ప్రొజెస్టోజెన్ విడుదల చేసే లూప్ వంటివి ముందు ప్రయత్నించి, అవి పనిచేయనప్పుడు ఈ ఇంజెక్షన్ల వైపు రావాలి. కాబట్టి, "మాత్రలతో ఒకసారి ప్రయత్నించి చూడవచ్చా?" అని అడగడంలో తప్పు లేదు, డాక్టరును శంకించినట్టూ కాదు.

మూడో రకం వాళ్లు నలభై ఏడు, నలభై ఎనిమిది ఏళ్ల వయసులో గడ్డలతో, విపరీతమైన రక్తస్రావంతో వచ్చేవాళ్లు. నెలసరి దానంతటదే ఆగిపోయే రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి, అప్పటిదాకా నెట్టుకురావడానికి చాలామందికి మందే చాలవచ్చు. ఈ మాట నేను కొంచెం గట్టిగానే చెప్తాను. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. రాష్ట్రాలన్నిటిలోకీ మనదే ముందు వరస. "పిల్లలు పుట్టేశారు కదా, ఆ సంచి ఉండి చేసేదేముంది, తీయించేసుకుంటే పోలేదా" అనే మాట మన ఇళ్లలో ఎంత సులువుగా వస్తుందో నాకు తెలుసు. తీయక తప్పని పరిస్థితులు ఉంటాయి, వాటికి వంక పెట్టను. కానీ మందుతో గడిచే రోజులు ఉన్నాయని తెలియక ముప్పై రెండేళ్లకే తీయించుకున్న మనిషి దుఃఖం వేరు.

పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకో సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ మందు వాడినన్నాళ్లూ సాధారణంగా అండం విడుదల కాదు. ఆరు నెలలు అణచిపెట్టి ఆపితే ఆ తరువాత సహజంగా గర్భం త్వరగా వస్తుందన్న ఆశకు ఆధారం లేదు. అందుకే గర్భం కోసమే ప్రయత్నించే వాళ్లకు, ఆ ఉద్దేశంతో ఈ అణచివేత ఇవ్వవద్దని పైన చెప్పిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్తున్నాయి. టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్సలో ఇదే మందును కొన్ని రోజుల పాటు వాడే పద్ధతి వేరు, దాని లెక్క ఆ డాక్టరే చెప్తారు. ముప్పై ఆరేళ్ల మనిషికి ఆరు నెలలు చిన్న కాలం కాదు, కాబట్టి పిల్లల ఆలోచన ఉంటే ఆ మాట మొదటి రోజే, అత్తవారి ముందు చెప్పలేకపోతే ఒంటరిగానైనా, డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇంజెక్షన్‌కు ముందు గర్భం లేదని పరీక్షతో నిర్ధారించుకోవాలి. కారణం తేలని రక్తస్రావం ఉంటే, ముందు ఆ కారణం తేలాలి, అవసరమైతే లోపొర ముక్క పరీక్ష కూడా జరగాలి. మందుతో రక్తం ఆగిపోతే అసలు జబ్బు కప్పుకుపోయే ప్రమాదం ఉంది. పాలిచ్చే తల్లులకు ఈ మందు ఇవ్వరు. మునుపు డిప్రెషన్‌కు మందులు వాడిన వాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, తల్లికి తుంటి ఎముక విరిగిన చరిత్ర ఉన్నవాళ్లు ఆ విషయం దాచకూడదు. పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలకు ఎముకలు ఇంకా బలపడే వయసు కాబట్టి, ఈ ఇంజెక్షన్ల దాకా వెళ్లే ముందు రెండో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోవడం మంచిది.

ఇక, కాలువ కట్టేసే ముందు చెరువు నింపుకున్నట్టు, ఎముకల బలం ముందే చూసుకోవడం సంగతి. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలు పలచబడతాయి. ఏ రక్షణా లేకుండా ఆరు నెలలు వాడితే వెన్నెముక ఎముకల సాంద్రత సుమారు మూడు నుంచి ఆరు శాతం దాకా తగ్గవచ్చు. ఆపిన తరువాత చాలావరకు తిరిగి వస్తుంది గాని, అందరిలోనూ పూర్తిగా వస్తుందని చెప్పలేం. దీనికి విరుగుడుగా ఇంజెక్షన్‌తోపాటు చిన్న మోతాదు హార్మోన్ మాత్ర ఇస్తారు. దీన్ని యాడ్‌బ్యాక్ అంటారు. ఎముకకు కావలసినంత ఈస్ట్రోజెన్ చాలా తక్కువ, వ్యాధిని రేపడానికి కావలసినది అంతకన్నా ఎక్కువ అనే సూత్రం మీద ఇది నడుస్తుంది. ల్యూప్రొలైడ్‌తో రోజుకు 5 మి.గ్రా. నోరెథిస్టెరాన్ అసిటేట్ ఇవ్వడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. యాడ్‌బ్యాక్ మొదటి నెల నుంచే మొదలుపెట్టవచ్చు, దానివల్ల నొప్పి తగ్గడం ఆగిపోదు. మూడు నెలలకు మించి మందు నడుస్తుందని చెప్పినప్పుడు, "యాడ్‌బ్యాక్ రాస్తున్నారా అండీ?" అని మీరే గుర్తుచేయండి. ఎండోమెట్రియోసిస్‌కు ఇంజెక్షన్ ఒక్కటే అయితే సాధారణంగా ఆరు నెలలు దాటనివ్వరు. యాడ్‌బ్యాక్‌తో కలిపి ఏడాది దాకా వెళ్తారు, అలా వెళ్లేటప్పుడు డెక్సా స్కాన్‌తో ఎముకల సాంద్రత చూసుకోవడం మంచిది.

మందు కొనడం, ఇంటికి తేవడం, వేయించుకోవడం

ఇక్కడే మన ప్రాంతంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ ఇంజెక్షన్ నొప్పి సూదిమందు లాంటిది కాదు. ల్యూప్రొలైడ్, ట్రిప్టోరెలిన్ నెలకోసారివి సాధారణంగా 3.75 మి.గ్రా.; మూడు నెలలకోసారి వేసేది 11.25 మి.గ్రా. మందును కంటికి కనపడనంత సన్నటి పూసల్లో పొదిగి, అది రోజుకింత చొప్పున కరిగేలా చేస్తారు; దీన్ని పిరుదు కండరానికి వేస్తారు. గోసెరెలిన్ 3.6 మి.గ్రా. బియ్యపు గింజంత చిన్న కడ్డీ; దాన్ని లావు సూదితో బొడ్డు కింద పొట్ట చర్మం లోపల ఉంచుతారు, అది కూడా క్రమంగా కరిగిపోతుంది, తీయవలసిన పని లేదు.

కంపెనీని బట్టి కొన్ని పెట్టెలు 2 నుంచి 8 డిగ్రీల చలిలో, అంటే ఫ్రిజ్‌లో ఉండాలి. కొన్ని 25 డిగ్రీల లోపు ఉంటే చాలు. పెట్టె మీద రాసినది చదివించుకోండి. 25 డిగ్రీల లోపు అంటే బయట ఉంచవచ్చని కాదు; మే నెలలో రాజమహేంద్రవరంలో ఎండ 40 దాటుతుంది, మన ఇళ్ల లోపల అర్ధరాత్రి కూడా 30 దిగదు. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో కొని మామిడికుదురు, రాజోలు వైపు బస్సులో తెచ్చుకునేవాళ్లు చిన్న థర్మాకోల్ డబ్బాలో ఐస్‌ప్యాక్‌తో తేవాలి. పెట్టెకు ఐస్ నేరుగా తగలకుండా మధ్యన తువ్వాలు చుట్టాలి, ఎందుకంటే గడ్డకట్టినా మందు పాడవుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు తలుపు అరలోనూ ఐస్ గది కిందా కాకుండా మధ్య అరలో పెట్టండి. అన్నిటికన్నా మంచిది, ఆసుపత్రిలోనే లేదా దాని ఎదురుగా ఉన్న మెడికల్ షాపులోనే కొని అప్పటికప్పుడే వేయించుకోవడం. బిల్లు, ఖాళీ పెట్టె మీద ఉన్న బ్యాచ్ నంబరు దాచుకోండి. కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది, కాబట్టి మోతాదు మారకుండా తక్కువ ధరలో ఏది వాడవచ్చో డాక్టరునే అడిగి రాయించుకోవడం మర్యాద తక్కువ కాదు.

పొడి రూపంలో వచ్చే మందును పెట్టెలో ఇచ్చిన ద్రావణంతోనే కలపాలి, వేరే నీళ్లతో కలపకూడదు. కలిపిన వెంటనే వేయాలి, లేకపోతే ఆ పూసలు అడుక్కు దిగిపోయి సూదికి అడ్డుపడతాయి, మోతాదు సగమే లోపలికి పోతుంది. ఒకసారి ఒకామె, ఉదయం తమ ఊళ్లో ఎవరో కలిపి సిరంజిలో నింపి ఇచ్చిన మందును చేతిసంచిలో పెట్టుకొని రెండు బస్సులు మారి మా వార్డుకు వచ్చింది. వేలకు వేలు పోసి కొన్న మందు అది. పారేయక తప్పలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఊళ్లో జ్వరానికి సూది వేసే ఆర్‌ఎంపీ గారు ఎంత మంచివారైనా, ఈ ఇంజెక్షన్ మాత్రం దీని అలవాటు ఉన్న చోటే వేయించుకోండి.

మొదటి ఇంజెక్షన్ సాధారణంగా నెలసరి మొదలైన మొదటి కొన్ని రోజుల్లోనే, అంటే ఐదు రోజుల లోపల వేస్తారు. అప్పుడు గర్భం లేదన్న నమ్మకం కూడా ఉంటుంది. తరువాతి ఇంజెక్షన్ 28 రోజులకు అని రాస్తే, నెల నెలా అదే తేదీ అని అర్థం కాదు. జూన్ 3న మొదటిది పడితే, తరువాతివి జులై 1, జులై 29, ఆగస్టు 26, సెప్టెంబరు 23, అక్టోబరు 21. ఈ తేదీలను గోడ క్యాలెండరు మీద ముందే గుర్తు పెట్టుకోండి. ఆలస్యమైతే అణచివేత సడలి మధ్యలో రక్తం కనపడవచ్చు, నొప్పి తిరిగి రావచ్చు, మళ్లీ మొదటి రోజుల ఉలికిపాటు కూడా రావచ్చు. జులై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరద వస్తే లంక గ్రామాల నుంచి బయటకు రావడం ఎంత కష్టమో 2022 జులైలో చూశాం. లంకల్లో ఉండేవాళ్లు ఆ తేదీలు చెప్పి, మూడు నెలలకోసారి వేసే మోతాదు తమకు కుదురుతుందా అని ముందే అడగడం మంచిది. కుదరకపోతే వరద హెచ్చరిక రాగానే గట్టు మీద ఉన్న బంధువుల ఇంటికి రెండు రోజుల ముందే చేరుకోండి.

మొదటి రెండు వారాలు

"సిస్టరు గారూ, ఇంజెక్షను వేయించాక నొప్పి తగ్గకపోగా ఇంకా ఎక్కువైందండీ, మందు పడలేదేమోనండీ." ఈ ఫోను నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. పిట్యూటరీ మొదట ఉలిక్కిపడుతుందని పైన చెప్పాను. ఆ పదిహేను రోజుల్లో ఈస్ట్రోజెన్ తగ్గకపోగా కొంచెం పెరుగుతుంది, అందువల్ల నొప్పి, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ఇది ముందే తెలిస్తే భయం ఉండదు, చెప్పకుండా పంపిస్తే రెండో ఇంజెక్షన్‌కు ఎవరూ రారు. నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో ముందే రాయించుకోండి. అయితే గంటకో ప్యాడ్ చొప్పున తడిసిపోతుంటే, కళ్లు తిరుగుతుంటే, అది ఎదురుచూడవలసిన రక్తస్రావం కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. గర్భసంచి లోపలి పొర వైపు పెరిగిన ఫైబ్రాయిడ్ ఉన్నవాళ్లలో, గడ్డ కుళ్లిపోయే దశలో, మొదలుపెట్టిన కొన్ని వారాల తరువాత కూడా ఇలా హఠాత్తుగా రక్తం పోవచ్చు. చాలా అరుదుగా, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చి, వాంతులతో చూపు మసకబారితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లి, ఈ ఇంజెక్షన్ వేయించుకున్న సంగతి మొదటి మాటగా చెప్పాలి.

మందు నడిచే నెలలు

రెండో నెలకు చాలామందికి నెలసరి ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల భయం మొదలవుతుంది. "ముట్టు రాకపోతే ఆ చెడు రక్తమంతా ఎక్కడికి పోద్దమ్మా?" అని ఒక అత్తగారు నన్ను నిలదీసింది. "పెద్దమ్మగారూ, ఈ నెల అసలు ఆ పొరే పెరగలేదండీ, పెరగనిది రాలిపోయేదేముంది, లోపల నిలిచేదేముందండీ" అని చెప్పాను. నెలసరిలో పోయేది విషం కాదు, గర్భసంచి లోపొర. ఈస్ట్రోజెన్ లేనప్పుడు అది పలచగా ఉండిపోతుంది. ఈ ఒక్క భయంతో మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారు కాబట్టి, మొదటి రోజు సలహాకు భర్తనో అత్తగారినో వెంట తీసుకెళ్లి వాళ్ల చెవిన కూడా వేయించడం మంచిదని నా అనుభవం.

ఛాతీ నుంచి ముఖానికి ఒక్కసారిగా ఆవిరి కొట్టినట్టు వేడి రావడం, రాత్రిళ్లు పక్క తడిసేలా చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, యోని పొడిబారడం, చిన్న మాటకే కన్నీళ్లు రావడం ఈ మందుతో వచ్చేవే. దీన్ని మనవాళ్లు "వేడి చేసింది" అంటారు, సబ్జా నీళ్లు, కొబ్బరినీళ్లు, మజ్జిగ ఇస్తారు. అవి హాయిగా తాగండి, హాని లేదు. కానీ ఈ వేడి తిండి వల్ల వచ్చింది కాదు, ఈస్ట్రోజెన్ పడిపోవడం వల్ల వచ్చింది, దాన్ని నిజంగా తగ్గించేది యాడ్‌బ్యాక్ మాత్ర. యోని పొడిబారితే నీటితో తయారైన జెల్లీ వాడవచ్చు, దాంపత్యంలో నొప్పిని సిగ్గుతో భరించనక్కరలేదు. మనసు బరువెక్కి, దేని మీదా ఆశ లేకుండా పోతే, అది మీ స్వభావంలో లోపం కాదు, మందు ప్రభావం కావచ్చు; తరువాతి ఇంజెక్షన్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి.

యాడ్‌బ్యాక్ మాత్ర విషయంలో ఇంకో తికమక ఉంది. 2015 పుష్కరాలకు నెలసరి వాయిదా వేసుకోవడానికి ఎంతోమంది వేసుకున్న 5 మి.గ్రా. నోరెథిస్టెరాన్ మాత్రకూ దీనికీ పేరు ఒకేలా ఉండడం చూసి, "ముట్టు ఎలాగూ రావడం లేదు కదా, ఈ మాత్ర ఎందుకు" అని మానేస్తారు. ఇక్కడ అది వాయిదాకు కాదు, ఎముకలకూ వేడికీ. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, ఇంజెక్షన్ నడిచినన్నాళ్లూ మానకూడదు. అలాగే 2027లో వచ్చే పుష్కరాల కోసం మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకునే ఆలోచన ఉంటే, ఇటువంటి చికిత్సలో ఉన్నవాళ్లు ముందు తమ డాక్టరును అడగాలి.

తిండిలో రోజుకు సుమారు 1000 మి.గ్రా. కాల్షియం అందేలా చూసుకోవాలి. కోనసీమలో ప్రతి కూరలోనూ ఉండే కొబ్బరిలో కాల్షియం చాలా తక్కువ. చోళ్లు, అంటే రాగుల్లో వంద గ్రాములకు 340 మి.గ్రా. పైనే ఉంటుంది, కాబట్టి పొద్దున ఒక గ్లాసు చోడి అంబలి, మధ్యాహ్నం పెరుగు, రాత్రి పాలు సగం లెక్క పూర్తి చేస్తాయి. నువ్వులు కూడా మంచివి. ముల్లుతో సహా నమిలి తినే మెత్తళ్లు, కాలంలో దొరికే చీరమేను ఎముకలకు మంచి తిండి. ఉప్పు ఎక్కువ పట్టిన ఎండు చేపలను మాత్రం కడిగి వండుకోండి. మిగిలినది మాత్రతో పూరించుకోవచ్చు, విటమిన్ డి తక్కువగా ఉంటే దానికీ మందు వేసుకోవాలి. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకే వేళకు వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఐరన్ పరగడుపున నిమ్మరసంతో, కాల్షియం భోజనంతో వేసుకోండి, ఐరన్ వేసుకున్న గంట దాకా టీ కాఫీ వద్దు. రోజూ అరగంట కాలువ గట్టు వెంట వేగంగా నడవడం ఎముకకూ నిద్రకూ రెంటికీ పనికొస్తుంది.

నెలసరి ఆగిందంటే గర్భం రాదని ధీమా పడకూడదు. ముఖ్యంగా మొదటి నెలలోనూ, ఇంజెక్షన్ ఆలస్యమైనప్పుడూ గర్భం రావచ్చు, ఆ గర్భానికి మందు మంచిది కాదు. అందువల్ల కండోమ్ వంటి హార్మోన్ లేని పద్ధతి తప్పనిసరి. ఒక నోటు పుస్తకంలో ఇంజెక్షన్ తేదీ, బ్యాచ్ నంబరు, సున్నా నుంచి పది దాకా ఆ వారం నొప్పి ఎంత, రక్తం కనపడిందా, నిద్ర ఎలా ఉంది అన్నవి వారానికి ఒక వరుస రాసుకోండి. మూడో నెలలో స్కానింగ్ చేయించినప్పుడు గడ్డ తగ్గకపోగా పెరిగిందని తేలితే, అది మామూలు ఫైబ్రాయిడ్ కాకపోవచ్చన్న అనుమానంతో చూడవలసిన సంగతి, దాన్ని వాయిదా వేయకూడదు.

మాత్రలతో చేసే అణచివేత

డైనోజెస్ట్ 2 మి.గ్రా. మాత్ర ఎండోమెట్రియోసిస్‌కు ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. రోజూ ఒకటి, మధ్యలో విరామం లేకుండా, పెట్టె అయిపోగానే మరో పెట్టె. మొదటి కొన్ని నెలలు అప్పుడప్పుడు మచ్చలు మచ్చలుగా రక్తం కనపడుతుంది. దాన్ని చూసి మానేయడమే చాలామంది చేసే తప్పు, ఓపికపడితే క్రమంగా తగ్గుతుంది. దీనితో ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్‌తో పడినంతగా పడిపోదు, కాబట్టి ఎక్కువ కాలం వాడడానికి వీలుంటుంది. అమెరికాలో 1976లో అనుమతి పొందిన డెనజాల్ పాత మందు. మొటిమలు, ఒంటి మీద వెంట్రుకలు, బరువు పెరగడం, గొంతు బొంగురుపోవడం వంటివి తెస్తుంది, మారిన గొంతు మళ్లీ మునుపటిలా కాకపోవచ్చు కూడా, కడుపులో ఆడశిశువు ఉంటే ఆ శిశువుకు హాని చేస్తుంది. ఇప్పుడు ఎవరైనా దాన్ని మొదటి మందుగా రాస్తే, ఎందుకని అడగండి. ఎలగోలిక్స్ 2018లో, రెలుగోలిక్స్‌తో యాడ్‌బ్యాక్ కలిపిన మాత్ర 2021లో అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి పిట్యూటరీని ఉలిక్కిపడనివ్వకుండా నేరుగా మూసేస్తాయి, మొదటి పదిహేను రోజుల బాధ ఉండదు, ఆపగానే ప్రభావం త్వరగా పోతుంది.

ఆపిన తరువాత

నెలకోసారి వేసే ఇంజెక్షన్ చివరిది పడ్డాక రెండు మూడు నెలల్లో నెలసరి తిరిగి వస్తుంది. మూడు నెలల మోతాదుకు ఇంకొంత కాలం పట్టవచ్చు. మొదటి నెలసరి కన్నా ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, గర్భం వద్దనుకునేవాళ్లు జాగ్రత్త మానకూడదు. కావాలనుకునేవాళ్లు నెలసరి తిరిగి వచ్చిన నెల నుంచే ప్రయత్నం మొదలుపెట్టవచ్చు, ఆగి ఎదురుచూడవలసిన పని లేదు. నాలుగు నెలలు దాటినా నెలసరి రాకపోతే ముందు గర్భ పరీక్ష, ఆ తరువాత డాక్టరు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లు ఇంజెక్షన్లు అయిపోయే నెలలోనే, తరువాత ఏ మాత్రతో కొనసాగించాలో తేల్చుకోవాలి, లేకపోతే మధ్యలో ఖాళీ నెలల్లో నొప్పి తిరిగి వస్తుంది. కాల్షియం ఇంకో ఆరు నెలలైనా కొనసాగించండి. నొప్పి తిరిగి మొదలైతే నోటు పుస్తకంలో ఆ తేదీ రాసి, రెండో చుట్టు ఇంజెక్షన్లకు వెళ్లే ముందు ఆ పుస్తకం, పాత స్కానింగ్ కాగితాలు, డెక్సా రిపోర్టు వెంట తీసుకెళ్లండి. మొదటిసారి ఎన్ని నెలలు వాడారో, ఎముకలు ఎలా ఉన్నాయో చూడకుండా రెండోసారి మొదలుపెట్టనివ్వకండి.